ఆన్‌లైన్‌లో చౌక నంబర్ ప్లేట్: కొనడం సులువే, బండికి పెట్టుకోవచ్చా?

ఏ షాపింగ్ యాప్‌లో అయినా 'కార్ నంబర్ ప్లేట్' అని కొట్టి చూడండి, వరసగా వచ్చేస్తాయి. తెల్లటి ప్లేటు, నల్లటి అక్షరాలు, ఎడమవైపు నీలి రంగులో 'ఐఎన్‌డీ', దాని పైన మెరిసే చిన్న బిళ్ల. ముందూ వెనకా జత కలిపి మూడు నాలుగు వందలకే ఇంటికి పంపిస్తామంటారు. నంబర్ టైప్ చేసి డబ్బులు కడితే చాలు. ఆర్‌సీ అడగరు, ఆధార్ అడగరు, అసలు బండి ఎవరిదని కూడా అడగరు. పార్కింగ్‌లో ఎవరో గుద్ది ప్లేటు వంగిపోయినవాళ్లు, వానల్లో రోడ్డు మీద నీళ్లలో ప్లేటు ఊడి కొట్టుకుపోయినవాళ్లు, సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక ప్లేటు పాతగా ఉందని మార్చాలనుకునేవాళ్లు ఇదే సులువనుకుంటున్నారు. చూడ్డానికి అచ్చం గవర్నమెంట్ ప్లేటులాగే ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు.

అచ్చం అలాగే ఉండటమే ఇక్కడ అసలు ఇబ్బంది. ఆ ప్లేటు కొన్నందుకు మీ ఇంటికి ఎవరూ రారు. కానీ దాన్ని బండికి బిగించి రోడ్డెక్కితే, చట్టం దృష్టిలో మీ బండికి సరైన నంబర్ ప్లేటు లేనట్టే లెక్క. దాని మీద రాసిన నంబర్ మీదే కావచ్చు, రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ సరిగ్గా ఉండొచ్చు. అయినా లెక్క మారదు.

ఎందుకో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లోని 39వ సెక్షన్ ప్రకారం బండికి రిజిస్ట్రేషన్ ఉండటమే కాదు, ఆ నంబర్‌ని ప్రభుత్వం చెప్పిన పద్ధతిలోనే చూపించాలి. ఆ పద్ధతి ఏంటో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వ నిబంధన చెబుతుంది. దాన్ని 2001లో మార్చి హై సెక్యూరిటీ రిజిస్ట్రేషన్ ప్లేటు తెచ్చారు. అందరం హెచ్‌ఎస్‌ఆర్‌పీ అంటున్నది దీన్నే. తెచ్చారన్న మాటే గానీ రాష్ట్రాలు ఏళ్ల తరబడి సాగదీశాయి. టెండర్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004లో కోర్టు ఆ టెండర్ షరతులు సరైనవేనని తేల్చింది. 2011, 2012లో అమలు చేయని రాష్ట్రాలను గట్టిగానే మందలించింది. చివరికి 2018 డిసెంబర్‌లో కేంద్రం మరో నోటిఫికేషన్ ఇచ్చింది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ప్రతి కొత్త బండికీ కంపెనీయే ప్లేటు పంపాలి, డీలరే బిగించి ఇవ్వాలి అని అందులో ఉంది. కాబట్టి ఆ తేదీ తర్వాతి బండి మీ దగ్గర ఉంటే, షోరూమ్ నుంచి వచ్చినప్పుడే దానికి అసలు ప్లేటు ఉండి ఉండాలి.

ఈ అసలు ప్లేటులో ఏముందో తెలిస్తేనే యాప్‌లో దొరికేదానికీ దీనికీ తేడా అర్థమవుతుంది. ఇది ఒక మిల్లీమీటర్ మందం ఉన్న అల్యూమినియం రేకు. దాన్ని తయారు చేసేవాళ్లకి కేంద్రం గుర్తించిన టెస్టింగ్ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. ఎడమవైపు పైన 20 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పుతో అశోక చక్రం ఉన్న క్రోమియం హాలోగ్రామ్ ఉంటుంది. అక్షరాల మీద వేసిన ఫిల్మ్‌లో ఏటవాలుగా 'ఇండియా' అనే మాట కనిపిస్తుంది. కింద ఎడమ మూలలో లేజర్‌తో చెక్కిన ఒక సీరియల్ నంబర్ ఉంటుంది. ప్లేటుని మామూలు స్క్రూలతో కాకుండా స్నాప్ లాక్‌తో బిగిస్తారు, ఒకసారి తీస్తే అది విరిగిపోవాలి, మళ్లీ వాడటానికి పనికిరాకూడదు. కార్లకైతే ముందు అద్దం లోపల ఎడమ మూలలో మూడో ప్లేటు కూడా ఉంటుంది. అదొక స్టిక్కర్. దాని మీద బండి నంబర్, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, ముందూ వెనకా ప్లేట్ల లేజర్ నంబర్లు ఉంటాయి.

హాలోగ్రామ్‌ని ఎవడైనా కాపీ కొట్టగలడు, కొడుతున్నారు కూడా. నీలి రంగు 'ఐఎన్‌డీ' అయితే మన వీధి చివర స్టిక్కరింగ్ షాపువాడు కూడా వేసిస్తాడు. కాపీ కొట్టలేనిది ఆ లేజర్ నంబర్ వెనకాల ఉన్న రికార్డు. ఫలానా లేజర్ నంబర్ ప్లేటు ఫలానా ఛాసిస్ ఉన్న బండికి బిగించాం అని రికార్డులో ఎక్కితేనే అది హెచ్‌ఎస్‌ఆర్‌పీ. యాప్‌లో కొన్న ప్లేటు మీద పది అంకెలు చెక్కినా అవి ఏ రికార్డులోనూ ఉండవు. అది నంబర్ ప్లేటు బొమ్మ, అంతే.

ఇప్పుడు ధర సంగతి. బీకాం చదివిన బుర్ర ముందు ఇక్కడికే పోతుంది. అసలు ప్లేటు చాలా ఖరీదనే అభిప్రాయం మనవాళ్లలో బాగా ఉంది. తెలంగాణ రవాణా శాఖ 2025 ఏప్రిల్‌లో, 2019 ఏప్రిల్‌కి ముందు రిజిస్టర్ అయిన పాత బండ్లకి కూడా ఈ ప్లేట్లు బిగించుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. అందులో పెట్టిన రేట్లు చూడండి. టూ వీలర్‌కి రూ.320 నుంచి 380, ఆటోలకి రూ.350 నుంచి 450, కార్లకి రూ.590 నుంచి 700, కమర్షియల్ బండ్లకి రూ.600 నుంచి 800. మహారాష్ట్రలో కారుకి రూ.745, పైన జీఎస్టీ. అంటే యాప్‌లో నాలుగు వందలకి కారు ప్లేటు కొన్నవాళ్లు మిగుల్చుకునేది రెండు మూడు వందలు. బైక్ విషయంలో అయితే మిగిలేది ఏమీ లేదు, కొన్నిచోట్ల అసలుకంటే నకిలీకే ఎక్కువ పెడుతున్నారు. తర్వాత ఎలాగూ అసలు ప్లేటు పెట్టించుకోవాలి కాబట్టి ముందు పెట్టిన నాలుగు వందలూ గంగలో కలిసినట్టే. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అంటుంటారు చూడండి, మహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్ అని.

మరి తేడా ఇంత తక్కువైతే జనం ఎందుకు ఆన్‌లైన్ ప్లేట్ల వైపు వెళ్తున్నారు? పిసినారితనం అనుకుంటే తప్పు. అసలు ప్లేటు తెచ్చుకోవడంలో ఉన్న తిప్పలే వాళ్లని అటు తోస్తున్నాయి. బుకింగ్‌లో రిజిస్ట్రేషన్ నంబర్‌తో పాటు ఛాసిస్, ఇంజిన్ నంబర్ల చివరి అంకెలు కొట్టాలి. అవి రికార్డుతో సరిపోకపోతే పని అక్కడే ఆగుతుంది. పాత ఆర్‌సీ మీద అచ్చు చెరిగిపోయి ఉంటుంది. కార్ల కంపెనీయే దేశం వదిలి వెళ్లిపోయి ఉంటుంది, ఊళ్లో ఒకప్పుడున్న షోరూమ్ బోర్డు కూడా కనపడదు. జిల్లాల్లో, అంటే నిజామాబాద్ పక్క మండలాల్లోనో కర్నూలు, కడప పక్క పల్లెల్లోనో ఉన్నవాళ్లకి బిగించే డీలర్ ఎక్కడో అరవై డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక రోజు కూలి పోయినట్టే. ప్లేటు పోతే పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి. ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషన్ మెట్లు ఎక్కాలంటే మనలో చాలామందికి కాళ్లు రావు, ఆ సంగతి దాచుకోవాల్సిన పని లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు పేరు మార్పు. మన కుటుంబాల్లో సగం బండ్లు సెకండ్ హ్యాండ్‌వే ఉంటాయి. రెండో చేతి నుంచి మూడో చేతికి వచ్చినా ఆర్‌సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే తిరుగుతూ ఉంటుంది. ఆయన రియాద్‌లోనో జెద్దాలోనో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. లేదా మామయ్య జిద్దా నుంచి డబ్బు పంపి తన పేరు మీద కొనిపించిన కారు ఇక్కడ అల్లుడు క్యాబ్ తోలుకుంటూ ఉంటాడు. ఇలాంటి బండికి కొత్త ప్లేటు అడిగితే ముందు పాత కాగితాల లెక్క బయటికొస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి యాప్ ప్లేటు దారి చూపిస్తుంది. కానీ అలా తప్పించుకున్న లెక్క పోదు. బండి ఆపిన రోజు ఒక సమస్య ఉండాల్సిన చోట రెండు ఉంటాయి, పేరు మీది కాదు, ప్లేటు కూడా అసలుది కాదు.

ఆపిన రోజు ఏమవుతుందో కొంచెం ఆగి చూడాలి. సొంత నంబరే, కానీ ప్లేటు నిబంధనల ప్రకారం లేదు అంటే మామూలుగా అది జరిమానాతో పోయే తప్పు. చట్టంలో సాధారణ ఉల్లంఘనలకి 177వ సెక్షన్ ఉంది, 2019 సవరణ ప్రకారం మొదటిసారి రూ.500 వరకు, మళ్లీ చేస్తే రూ.1,500 వరకు. రిజిస్ట్రేషన్ నిబంధనలనే ఉల్లంఘించారని 192వ సెక్షన్ పెడితే మొదటిసారికి రూ.2,000 నుంచి రూ.5,000 దాకా పోతుంది. ఏ సెక్షన్ రాస్తారు, ఎంత వసూలు చేస్తారు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇక్కడి దాకా డబ్బు నష్టమే.

కానీ ప్లేటు మీద అక్షరం మార్చినా, అంకె మార్చినా, వేరే బండి నంబర్ వేసినా కథ పూర్తిగా మారిపోతుంది. అది ట్రాఫిక్ తప్పు కాదు, మోసం కేసు. చలాన్లు తప్పించుకోవడానికి అంకె మీద టేప్ అంటించినవాళ్ల మీద, నంబర్ చెరిపినవాళ్ల మీద హైదరాబాద్ పోలీసులు క్రిమినల్ కేసులు పెట్టిన సందర్భాలు చాలానే ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలో మోసానికి సంబంధించిన 318వ సెక్షన్ నాలుగో క్లాజు కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఫోర్జరీ సెక్షన్ వేరే ఉంది. రాత్రి పదకొండింటికి నాకాబందీలో టార్చ్ వేసి చూసే కానిస్టేబుల్‌కి నకిలీ హాలోగ్రామ్ కనిపిస్తే, ఇది ఊరికే చౌకగా కొన్న ప్లేటా లేక దొంగ బండికి వేసిన ప్లేటా అని అక్కడికక్కడే తేడా తెలియదు. స్టిక్కర్ షాపు మామూలు ప్లేటు ఉంటే 'పాత ప్లేటు' అంటాడు. అసలుదాన్ని అనుకరించిన ప్లేటు ఉంటే 'ఎందుకు అనుకరించావ్' అంటాడు. ఈ రెండో ప్రశ్నకి ఇరవై ఏళ్ల కుర్రాడు రోడ్డు మీద నిలబడి జవాబు చెప్పాలి. పాతబస్తీలో కార్డన్ సెర్చ్ అంటే తెలియని ఇల్లు లేదు. తెల్లవారేసరికి కాగితాలు లేని బండ్లన్నీ లారీ ఎక్కుతాయి. బండి విడిపించుకోవడానికి రెండు మూడు రోజులు తిరిగితే ఆటో, క్యాబ్ నడిపే ఇంట్లో ఆ రోజుల సంపాదన లేనట్టే. మనల్ని ఎక్కువ ఆపుతారా తక్కువ ఆపుతారా అన్న వాదన ఇక్కడ పెట్టడం లేదు. ఆపినప్పుడు చేతిలో సరైన కాగితం, బండికి సరైన ప్లేటు ఉంటే మాట పొడిగించే అవకాశం ఎదుటివాళ్లకి ఉండదు, అంతవరకే చెబుతున్నా.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఆర్‌సీ అడక్కుండా మీకు ప్లేటు అమ్మినవాడు, మీ నంబర్‌తోనే ఇంకొకడు ఆర్డర్ పెట్టినా అడగడు. కారు అమ్మకానికి పెట్టి నంబర్ కనిపించేలా ఫోటోలు నెట్‌లో వేస్తాం. అదే కంపెనీ, అదే రంగు కారు ఉన్నవాడెవడో ఆ నంబర్‌తో ఒక జత తెప్పించుకుంటే చాలు. వాడు సిగ్నల్ దాటితే చలాన్ మీకొస్తుంది, వాడు ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు మీ గుమ్మం ముందుకొస్తారు. కాబట్టి ఈ చౌక ప్లేట్ల బజారు వల్ల అసలు ప్లేటు పెట్టుకున్నవాళ్లకి కూడా ముప్పు ఉంది. నెలకోసారి ఈ-చలాన్ సైట్‌లో మీ నంబర్ కొట్టి చూసుకోండి, దాంట్లో ఫోటో ఉంటుంది. బండి మీది కాకపోతే కట్టేసి ఊరుకోవద్దు, రాతపూర్వకంగా ట్రాఫిక్ పోలీసులకి చెప్పండి. అలాంటప్పుడు మీ ప్లేటు మీది లేజర్ నంబర్, అద్దం మీది స్టిక్కరే మీకు సాక్ష్యం. దుబాయ్‌లో, సౌదీలో ఉండి వచ్చినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ ప్లేటు ప్రభుత్వం ఇవ్వాల్సిందే, బజార్లో చేయించుకుందామనే ఆలోచనే రాదు. అదే మనిషి శంషాబాద్‌లో దిగగానే స్టిక్కర్ షాపు వెతుకుతాడు, అదో వింత.

'టీఎస్', 'టీజీ' సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2024 మార్చిలో కేంద్రం తెలంగాణ కోడ్‌ని టీజీగా మార్చింది. అది కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకే. పాత టీఎస్ బండ్లు టీఎస్‌గానే, అంతకుముందు నాటి ఏపీ 09, ఏపీ 28 బండ్లు ఏపీగానే ఉంటాయి, ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు. అయినా ముచ్చటపడి ఆన్‌లైన్‌లో 'టీజీ' అని ప్లేటు చేయించుకున్నవాళ్లు ఉన్నారు. ఆర్‌సీలో ఒకటి, ప్లేటు మీద ఒకటి ఉంటే అది ఇందాక చెప్పిన అక్షరం మార్చిన తప్పే.

అలాగే 786. ఆ నంబర్ అంటే మన దగ్గర ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. ఆర్టీఏలో పద్ధతి ప్రకారం ఫీజు కట్టి, పోటీ ఉంటే వేలంలో పాడి తెచ్చుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న నంబర్‌ని ముందున్న సున్నా చిన్నగా, 786 పెద్దగా, వంకర అక్షరాల్లో రాయించి పాడు చేసుకుంటారు. అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు మామూలు అంకెల్లో ఉండాలని, కారు మీద అంకె ఎత్తు 65 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నిబంధనలో ఆ అంకెల్ని 'అరబిక్ అంకెలు' అన్నారు, అది చూసి ఉర్దూ అంకెలు వేసుకోవచ్చేమో అనుకునేరు. అక్కడ అరబిక్ అంటే రోజూ వాడే 1, 2, 3లే.

ఇక మోసం సైట్ల సంగతి. పాత బండ్లకి గడువు పెట్టిన ప్రతి రాష్ట్రంలో నకిలీ బుకింగ్ సైట్లు పుట్టుకొచ్చాయి. తెలంగాణ ఉత్తర్వులో మొదట 2025 సెప్టెంబర్ 30 అన్నారు. కర్ణాటకలో 2023 నవంబర్‌లో మొదలైన గడువు పలుమార్లు జరుగుతూ పోయింది, మహారాష్ట్రలో 2025 మార్చి గడువు డిసెంబర్ దాకా సాగింది. గడువు దగ్గర పడేకొద్దీ వాట్సాప్‌లో 'రేపటి నుంచి పదివేల ఫైన్' అనే మెసేజ్ వస్తుంది, దాని కిందే ఒక లింక్ ఉంటుంది. భయపడి నొక్కినవాళ్లు డబ్బుతో పాటు ఆర్‌సీ ఫోటో, ఆధార్, ఫోన్ నంబర్ అన్నీ ఇచ్చేస్తారు. ఆ వివరాలతో ఏం చేస్తారో ఊహించుకోవచ్చు. గడువు తేదీ గురించి రవాణా శాఖ చెప్పిందే లెక్క, ఫార్వర్డ్ మెసేజ్ కాదు. బుకింగ్‌కి సియామ్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి మీ బండి కంపెనీ ఎంచుకుంటే అదే సరైన చోటికి తీసుకెళ్తుంది. సియామ్ అంటే బండ్ల కంపెనీల సంఘం. గూగుల్‌లో మొదట వచ్చే ప్రకటన లింక్ మీద నొక్కొద్దు. ఒక గుర్తు చెబుతా, విడి ప్లేటుని కొరియర్‌లో పంపుతాం, మీరే బిగించుకోండి అన్నారంటే అది అసలుది కాదు. అసలు ప్లేటు డీలర్ దగ్గర బిగిస్తారు, లేదా కొన్ని ఊళ్లల్లో అదనపు రుసుముతో మనిషి వచ్చి ఇంటి దగ్గర బిగిస్తాడు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యం చేసేకొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇందులో కొనేవాడి తప్పు ఎంత, అమ్మేవాడి తప్పు ఎంత అని కూడా అడగాలి. జరిమానా ఎప్పుడూ రోడ్డు మీద దొరికినవాడికే. పెద్ద పెద్ద షాపింగ్ కంపెనీలు 'అమ్మేది మేం కాదు, మా దగ్గర అంగడి పెట్టుకున్న వ్యాపారి' అని తప్పుకుంటాయి. కానీ సీటు బెల్ట్ అలారం మోగకుండా ఆపే క్లిప్పుల విషయంలో ఇదే సాకు చెల్లలేదు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకి ఉత్తర్వులిస్తే 13,118 లిస్టింగులు తీసేశారు. క్లిప్పు విషయంలో చేయగలిగినప్పుడు, హాలోగ్రామ్‌ని అనుకరించిన ప్లేట్ల విషయంలో చేయలేకపోవడానికి కారణం కనపడదు. ప్రభుత్వం కూడా తన పని చూసుకోవాలి. మండల కేంద్రాల్లో నెలకోసారి క్యాంపు పెట్టి ప్లేట్లు బిగించినా, పేరు మార్పు పెండింగ్‌లో ఉన్న బండ్లకి ఒక దారి చూపినా ఈ చౌక ప్లేట్ల గిరాకీ సగం పడిపోతుందని నా నమ్మకం.

అప్పటి దాకా మనం చూసుకోవాల్సినవి ఇవి. పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు, టైర్లు చూసినట్టే అద్దం మీది స్టిక్కర్ కూడా చూడండి. దాని మీద రాసిన లేజర్ నంబర్లు ముందు ప్లేటుతో, వెనక ప్లేటుతో కలుస్తున్నాయా లేదా పోల్చండి. కలవకపోతే ప్లేటు ఎప్పుడు, ఎందుకు మారిందో అమ్మేవాళ్లని అడగండి, జవాబు నచ్చకపోతే బేరం వదిలేయండి. ఒక్క ప్లేటే పాడైతే ఆ ఒక్కటే బుక్ చేసుకోవచ్చు, జత మొత్తం కొనక్కర్లేదు. వంగిన ప్లేటుని పారేయకండి, కొత్తది బిగించేటప్పుడు పాతది అక్కడ అప్పజెప్పాలి. ప్లేటు పోయి ఉంటే మాత్రం మొహమాటపడకుండా ముందు ఫిర్యాదు ఇవ్వండి. ఆ ప్లేటు ఎవరి చేతిలో పడిందో, ఏ బండికి ఎక్కుతుందో మీకు తెలియదు కాబట్టి, అది పోయిన తేదీ పోలీసు కాగితం మీద ఉండటం మీకే మంచిది. ఫిర్యాదు కాపీ, బుకింగ్ రసీదు రెండూ ఆర్‌సీతో కలిపి కొత్త ప్లేటు బిగించే దాకా బండిలోనే ఉంచండి.